గుర్తు లేని లాడం

కంబం
విళంబి సంవత్సరం, ఆవణి నెల

సింగానల్లూరులో ఉన్న అనంతరామ బావగారికి సేతురామ దండాలు.

ఇక్కడ వాన ఆలస్యంగా వచ్చినా నాట్లు పడ్డాయి. మా చెల్లెలు కోమలవల్లికి చెప్పండి, నాయన బాగున్నారు, కూతుర్ని తలచుకోని పూట లేదు.

ఇక అసలు సంగతి. నాయన ప్రతి శుక్రవారం ఎక్కే బూడిదరంగు గుర్రం చామంతి మీకు గుర్తుందో లేదో. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. నాలుగు నెలలుగా కుడి ముంగాలు తేడాగా వేస్తోంది. గిట్ట లోపలి అంచు ముందు నేలకు తగిలి, ఆ తరువాత బయటి అంచు పడుతోంది. ఒక అడుగుకు రెండు చప్పుళ్లు. మా ఊరి కమ్మరి కాళిని పిలిచి చూపిస్తే, దానికి పొగరెక్కువై అట్లా నడుస్తోందని తేల్చాడు. వాడికి నాగలికర్రుకూ గుర్రపు లాడానికీ పెద్ద తేడా తెలియదు. అయితే మేకు మాత్రం తిన్నగా దించుతాడు.

గుర్రాన్ని అక్కడిదాకా నడిపించుకు వస్తే కాలు పూర్తిగా పోతుందని భయం. అందుకే మీరు ఒకప్పుడు చెప్పినట్టు గిట్టకు ఆముదంలో కలిపిన మసి పూసి తెల్లగుడ్డ మీద అద్దాను. గిట్ట ఎత్తు రెండు పక్కలా పురికొసతో కొలిచి ముడులు వేశాను. ఎర్రదారం ఉన్నది బయటి పక్క. ఇవి చూసి మీరే లాడాలు చేసి పంపాలి. పొల్లాచ్చి కొబ్బరిబండ్లు తోలే ముని మన మనిషే, భద్రంగా తెస్తాడు.

మీ సేతురామ

*

సింగానల్లూరు
పురట్టాసి నెల

చిరంజీవి సేతురామకు అనంతరామ ఆశీస్సులు.

నీ గుడ్డ అందింది. పంచలో పరిచి చూస్తుంటే మీ చెల్లెలు వచ్చి, పండగకు పుట్టింటివాళ్లు చీర పంపుతారని విన్నాను గానీ మసిగుడ్డ పంపుతారని వినలేదు అంది. జవాబు నువ్వే చెప్పుకో.

ఇక గిట్ట మాట. బయటి గోడ అరిగి పడిపోయింది, లోపలి గోడ ఎత్తుగా నిలిచింది. కాళి చేత లోపలి పక్కను ఆకురాయితో బియ్యపుగింజ మందం దించించు. అంతకు మించి దించితే నెత్తురు కనబడుతుంది. మిగిలిన తేడా సరిపెట్టడానికి బయటి కొమ్ము మందంగా, లోపలి కొమ్ము పలచగా ఉండే లాడం చేశాను. దీనితో గిట్ట ఒక్కసారిగా, సమంగా నేలమీద పడుతుంది.

కానీ ఒకటి విను. పిల్లగుర్రమైతే ఎముక చెప్పినట్టు వింటుంది. ఎనిమిదేళ్లది వినదు. మొక్కై వంగనిది మానై వంగునా? ఈ లాడం ఉన్నంతసేపే ఆ నడక. నలభై రోజులకు గిట్ట పెరిగి లాడం పక్కకు జరుగుతుంది. అప్పుడు విప్పి, మళ్లీ కొలిచి, కొత్తది వెయ్యాలి. వెయ్యకపోతే మొదటికన్నా అన్యాయం. గిట్ట పైనున్న కీలు నలిగిపోతుంది. ఇక దిగుడులో పరుగెత్తిస్తే గుర్రం మోకాళ్ల మీద పడుతుంది, ఎక్కినవాడు తల మీద పడతాడు.

లాడం మడమ దగ్గర మూడు ఉలిగాట్లు చూస్తావు. అది మా నాయన పెట్టిన కట్టుబాటు. ఆయన పాళెగాడి లాయానికి పెద్దగా ఉన్న రోజుల్లో, దండు కదిలినప్పుడు ఎవడి గుర్రం ఎవడు ఎక్కుతాడో తెలిసేది కాదు. వైద్యంలో ఉన్న గుర్రాన్ని తెలియక ఎక్కి ఎవడూ చావకూడదని ఈ గుర్తు పెట్టాడు. మూడు గాట్లున్న గుర్రాన్ని అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, అరువుగా కూడా పంపకూడదు. పాళెం పోయింది, లాయం పోయింది. నాయుడి బిడ్డ సుత్తి పట్టడమేమిటని మనవాళ్లే నవ్వుతున్నారు. ఆ గుర్తు మాత్రం మా ఇంట్లో మిగిలింది.

మా తమ్ముడు బంగారు ఇప్పుడు మదురలో దొరల లాయంలో లాడాల పనికి పెద్ద. నీకు దగ్గరే కదా, ఒకసారి పిలిపించి చూపించరాదా? పదేళ్ల వయసులో వాడి చేతిలో గిట్ట పెట్టింది నేనే. ఇప్పుడు వాడి చెయ్యి నాకన్నా మేలు. ఈ మాట వాడి ముందు అనను.

అనంతరామ

*

కంబం
ఐప్పసి నెల

బావగారికి సేతురామ దండాలు.

మీ చేతికి మొక్కాలి. లాడం వేసిన పూటే రెండు చప్పుళ్లు ఒకటయ్యాయి. కాళి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

అయితే ఆ సంతోషం మూడు రోజులే. నాయన సంగతి మీకు తెలుసు. గుర్రం ఎక్కే ముందు నాలుగు గిట్టలూ ఎత్తి చూడనిదే కాలు పెట్టరు. మూడు గాట్లు కనబడ్డాయి. మీ నాయనతో లాయంలో తిరిగిన మనిషి కదా, వాటి అర్థం ఆయనకు తెలియనిదా? “ఏమిరా సేతూ, నా గుర్రానికి సీక్కు వచ్చిందని నాకి చెప్పకుండా దాస్తివా? దాని కాలు పోతే నాకి మాత్రం ఏం కాలు మిగిలుండాది?” అని అరుగు మీద కూలబడ్డారు. రెండు రోజులు కూడు ముట్టలేదు. గుర్రం దగ్గరికీ పోలేదు. చేసేది లేక లాడాలు విప్పించాను.

బావా, ఒక్కసారి ఆ గాట్లు లేకుండా లాడాలు చేసి పంపండి. ఆయన ఇంకెన్ని శుక్రవారాలు ఎక్కుతారు? అబద్ధమాడమని అడగడం లేదు, ఒక ముసలాయన కంటికి ఆ మూడు గీతలు కనబడకుండా చెయ్యమంటున్నాను. గుర్రం నా వాకిలి దాటదు. దానికి నేను పూచీ.

బంగారును కదిలించడం దేనికి? దొరల కొలువు, సెలవు అడిగితే మాట పడతాడు. మీ చెయ్యి ఉండగా ఇంకొక చెయ్యి నాకెందుకు?

మీ సేతురామ

*

సింగానల్లూరు
కార్తిగై నెల

చిరంజీవి సేతురామకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాదని వ్రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను.

మీ చెల్లెలు చదివించుకొని విన్నది. తరువాత పొయ్యి ఆర్పి లేచి వచ్చింది. “నాలుగేండ్లాయె నేను మా నాయన్ని చూసి. మూడు గీతలకి ముసలాయన్ని ఏడిపిస్తివంటే నేను ఓర్చుకోలేను” అంది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో నా కొలిమి దగ్గరికి వచ్చి ఆమె ఇది చెయ్యి, అది చెయ్యవద్దు అని చెప్పడం ఇదే మొదలు.

లాడాలు కాల్చాను, వంచాను, మొనలో మా ఇంటి పనితనం తెలిపే చిలకముక్కు తీశాను. చివరికి ఉలి తీసుకుని మడమ దగ్గర పెట్టాను. మళ్లీ కింద పెట్టేశాను. మా నాయన ఉంటే ఆ ఉలితోనే నా వేలు తీసేవాడు. ఆయన లేడు, మీ నాయన ఉన్నాడు. బతికున్నవాడి మనసు చూడాలి అనుకున్నాను.

ఇది నా కోసం గుర్తుంచుకో. చదునునేల మీద నడకే. దిగుడు వద్దు, పరుగు వద్దు. నలభయ్యో రోజుకల్లా గిట్ట అచ్చు తీసి పంపాలి. ఒక్క రోజు కూడా దాటనివ్వకు. గుర్తు లేదు కాబట్టి ఇక ఆ గుర్రానికి గుర్తు నువ్వే.

అనంతరామ

*

కంబం
తై నెల

బావగారికి,

లాడాలు చేరాయి. దివ్యంగా కుదిరాయి. నాయన చాలా సంతోషించారు, శుక్రవారం తప్పకుండా ఎక్కుతున్నారు. కోతల హడావుడిలో ఎక్కువ వ్రాయలేకపోతున్నాను. గుర్రం కాలు పూర్తిగా నయమైనట్టే ఉంది, కనుక ఇక లాడాలు అక్కరలేదు. మీకు శ్రమ ఇచ్చాను.

సేతురామ

*

సింగానల్లూరు
మాసి నెల

చిరంజీవి సేతురామకు,

కాలు నయమైందని వ్రాశావు. ఎనిమిదేళ్ల గుర్రం ఎముక రెండు నెలల్లో తిన్నబడిందంటే నేను కొలిమి మూసుకుని నీ దగ్గర శిష్యరికం చెయ్యాలి.

నలభై రోజులు గడిచి పన్నెండు రోజులయింది. అచ్చు రాలేదు. పాత అచ్చునుబట్టి ఊహించి ఇంకొక జత చేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వచ్చినవి వచ్చినట్టు వేయించు. ఊహమీద చేసిన లాడం చెడ్డదే, అయినా జరిగిపోయిన లాడంకన్నా నయం. గిట్ట అచ్చు పంపేదాకా నాకు నిద్ర పట్టదు. గుర్రం గురించి కాదు, దాని మీద కూర్చునేది ఎనభై ఏళ్ల మనిషి.

నీకు కోపం వచ్చే మాట ఏదైనా అన్నానా? అన్నట్టు గుర్తు లేదు. అని ఉంటే మరిచిపో.

అనంతరామ

*

సింగానల్లూరు
వికారి సంవత్సరం, చిత్తిరై నెల

సేతురామ నాయుడికి,

ఆశీస్సులు వ్రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముని నిన్న బండి విప్పాడు. నేను మాసిలో పంపిన లాడాల మూట అట్లాగే తిరిగి తెచ్చాడు. చామంతి మీ ఇంట్లో లేదని, తై నెల మొదట్లోనే దాన్ని పూలదండ వేసి మదుర దొరకు కానుకగా తోలావని చెప్పాడు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. మరి మామ ఏమంటున్నాడు అని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు. “ఏం సామీ, మీకి తెలీదా? ఇన్నాళ్లూ దాచిరి, ఇప్పుడు ఊరంతా తెలిసిపోయిండాది. పెద్దాయనకి పోయిన ఆడిలోనే ఒక పక్క పడిపోయిండాది. మంచం మీదనే అంతా. గుర్రం ఎక్కేదేడ?” అన్నాడు.

పోయిన ఆడి. నువ్వు నాకు మొదటి ఉత్తరం వ్రాయడానికి నెల ముందు. గిట్టలు ఎత్తి చూశాడని, అరుగు మీద కూలబడ్డాడని, కూడు మానాడని వ్రాశావే, ఆ మనిషి అప్పటికే తనంతట తాను పక్కకు కూడా తిరగలేడు. కన్నకూతురికి ఆ కబురు దాచావు. దాచిన తండ్రిని నా ముందు ఏడిపించి లాడం సంపాదించావు.

ఇవాళ మదుర నుంచి ఈ కబురులో మిగతా సగం వచ్చింది. దొర గుర్రాన్ని పరీక్షించమని బంగారుకే అప్పగించాడు. పక్కన నిలబడి, “మీ అన్న చేతి లాడాలే, చూసుకో” అన్నావట. వాడు గిట్ట ఎత్తాడు. చిలకముక్కు ఉంది, గాట్లు లేవు. గుర్రం నిక్షేపంగా ఉందని పదిమంది ముందు చెప్పాడు. రెండు నెలలు ఆ లాడాలతోనే తిప్పారు. పంగుణిలో కుమిళి కనుమ దిగుతుంటే చామంతి ముందుకాళ్ల మీద కూలింది. దొర భుజం విరిగింది. గుర్రాన్ని అక్కడే తుపాకీతో కాల్చారు. లాడం ఊడదీసి చూస్తే ఒక కొమ్ము మందం బయటపడింది. అన్న కుంటి కాలు దాచాడు, తమ్ముడు లంచం తిని మంచిదన్నాడు అని తేల్చారు. బంగారును లాయం నడుమ కట్టి పన్నెండు కొరడా దెబ్బలు కొట్టి జైల్లో వేశారు. విచారణలో నేరం రుజువైతే ద్వీపాంతరం పంపుతారట.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టడం మాట అటుంచు, నేను నీకు తలుపు తీసి దీపం చూపించాను. ఎందుకు చేశావో వ్రాయి. నేను తెలుసుకోవాలి.

అనంతరామ

*

కంబం
చిత్తిరై నెల

పూజ్యులైన బావగారి పాదాలకు సేతురామ సాష్టాంగాలు.

నేను మోసం చెయ్యాలని మొదలుపెట్టలేదు. నమ్మండి. గుర్రాన్ని బాగుచేయించి ఇద్దామనే అనుకున్నాను. మా ఊరి మణియం మీద ఎగువ వీధివాళ్ల కన్ను పడింది. నాలుగు తరాలుగా ఊరి పెద్దరికం మా ఇంట్లోనే ఉంది. నాయన పడిపోయారని తెలిస్తే అది మాకు దక్కదు. అందుకే ఆయన సంగతి ఎక్కడా పొక్కనివ్వలేదు, కోమలవల్లికి కూడా. మణియం ఎవరిదో తేల్చే మదుర దొర ఒకసారి దారిలో చామంతిని చూసి ముచ్చటపడ్డాడు. మరుసటి వారమే అది కుంటింది. నా స్థితి ఊహించండి.

మీ లాడం వేశాక నడక అంత బాగుంటే, నయమైందని నేనే నమ్మాను. కాళి కూడా నమ్మాడు. ఇక పరీక్ష బంగారు చేతిలో పడుతుందని నేను కోరుకోలేదు. పడింది కాబట్టి నోరు మూసుకున్నాను. అదే నా తప్పు.

జరిగింది జరిగింది. బావా, నా మాట వినండి. బంగారు ఒంటివాడు, వయసులో ఉన్నాడు, ఎట్లాగో ఒడ్డున పడతాడు. దొరల కోపం ఎన్నాళ్లుంటుంది? నాకు నలుగురు బిడ్డలు, మంచంలో తండ్రి. నా పేరు కచ్చేరీకి ఎక్కితే మణియమే కాదు, ఊళ్లో నిలువనీడ ఉండదు. నా ఉత్తరాలు మీ కొలిమిలో వేసెయ్యండి. మీవి నేను కాల్చేశాను.

ఇంకొక మాట, కోపగించవద్దు. గాట్లు మానింది నా చెయ్యి కాదు. మీరు నోరు తెరిస్తే ముందు పోయేది మీ పేరే. ఇద్దరం ఊరుకుంటే ఇద్దరికీ మంచిది.

సేతురామ

*

సింగానల్లూరు
వైకాసి నెల

కంబం మణియకారు సేతురామ నాయుడికి,

నువ్వు వ్రాసినదాంట్లో ఒక్కటి నిజం. గాట్లు మానింది నేనే. కచ్చేరీలో మొదట ఆ మాటే చెప్తాను. మా ఇంటి కట్టుబాటు ఏమిటో, దాన్ని నేను ఎవరి మాట మీద తప్పానో, నా తమ్ముడు దేన్ని నమ్మి ఆ గుర్రాన్ని మంచిదన్నాడో చెప్తాను. సాక్ష్యానికి నీ ఉత్తరాలు నాలుగూ తీసుకుపోతున్నాను. కాల్చమని వ్రాసినది అన్నిటికన్నా పైన పెట్టాను.

నా పేరు పోతుందన్నావు. ఈపాటికే పోయింది. పొల్లాచ్చి సంతలో నా లాడాలు తిప్పి చూసి పక్కన పెట్టేస్తున్నారు.

మీ చెల్లెలికి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఒక్క మాట కూడా దాచలేదు. దాచడం మీ ఇంటి పద్ధతి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేచి మూట కట్టుకుంది. “మా అన్న మణియం పోతే పోనీ. నువ్వు ముందు నీ తమ్ముణ్ణి ఇడిపించు. నన్ను కంబంలో ఇడిచిపెట్టు, మా నాయన్ని నేను చూసుకుంటా” అంది. పది రోజుల్లో నీ వాకిట్లో దిగుతుంది. ఆమె వచ్చేసరికి తండ్రి గురించి చెప్పడానికి కొత్త కథ ఏదీ అల్లకు.

అనంతరామ

*

మదుర
ఆని నెల

అన్నకు,

నువ్వు సాక్ష్యం చెప్పినందువల్లనే నన్ను విడిచారు. విడిచిన రోజు నువ్వు జైలు వాకిట్లో నిలబడి ఉన్నావని కాపలావాడు చెప్పాడు. నేను వంటవాళ్ల దోవన వెళ్లిపోయాను. వీపు మానింది, దాని గురించి బెంగపడవద్దని వదినకు చెప్పు. సేతురామ మణియం పోయిందని విన్నాను. నాకు సంతోషమూ లేదు, బాధా లేదు. అతను నాకు ఎవరని?

కచ్చేరీలో ఎవరూ అడగని మాట ఒకటి నీకు చెప్పాలి. అక్కడ నువ్వు, గుర్తు లేదు కాబట్టి నా తమ్ముడికి తెలిసే దారి లేదు అన్నావు. అది నిజం కాదు. ఆ రోజు చామంతి గిట్ట ఒళ్లో పెట్టుకుని, నువ్వు నేర్పినట్టే బొటనవేలు లాడం చుట్టూ నడిపాను. బయటి కొమ్ము మందం తగిలింది. ఇంకొకసారి నడిపాను. మళ్లీ తగిలింది. మడమ దగ్గర చూశాను, గాట్లు లేవు. అప్పుడు నా వేలిని నమ్మాలా, నిన్ను నమ్మాలా అని ఆలోచించను కూడా లేదు. అన్న గాట్లు పెట్టలేదంటే ఇది వైద్యపు లాడం కాదు, నా వేలిదే పొరపాటు అనుకున్నాను. గుర్రం నిక్షేపమని గట్టిగా చెప్పాను. దొర రెండోసారి అడిగినా గట్టిగానే చెప్పాను.

నువ్వు ముసలాయన మీద జాలితో చేశావని తెలుసు. నీమీద కోపం తెచ్చుకోవాలని జైల్లో చాలా ప్రయత్నించాను, పూర్తిగా రాలేదు. కానీ సింగానల్లూరు రాలేను. నా సుత్తి, ఆకురాయి నువ్వే ఉంచుకో.

ఇక్కడ వైగై ఒడ్డున గడ్డి కోసి లాయాలకు వేస్తున్నాను. మొన్న ఒక వ్యాపారి నన్ను గుర్తుపట్టి, తన గుర్రం కాలు చూడమని బతిమాలాడు. గిట్ట ఎత్తాను. కంటికి సమంగా ఉంది. వేలు నడిపితే సమంగానే తగిలింది. అయినా బాగుంది అని చెప్పలేకపోయాను. ఇంకెవరికైనా చూపించుకో అని గిట్ట కింద పెట్టేశాను.

బంగారు